ముందు లేచినదే ఒకటి

పేర్లు పెట్టడంలో తనని కొట్టినవాడు ఈ భూమ్మీద పుట్టలేదు, ఒకవేళ పుట్టినా వాడికీ పేరు తనే పెట్టి ఉండేవాడు, అనుకుంటూ పెద్దాయన కూతురి ఆఫీసులో గిర్రున తిరిగే కుర్చీ ఎక్కి, నేలకి ఆనని కాళ్లు ఊపుతున్నాడు, నీళ్ల పంపుల స్టేషన్లో ముప్ఫై రెండేళ్లు, తొమ్మిది పంపులు, తొమ్మిదింటికీ తను పెట్టిన పేర్లే, గురకమ్మ, ఏడుపుగొట్టు, మొండిఘటం, పేరు పెట్టి పిలిస్తే చాలు, స్విచ్చి వెయ్యకుండానే తిరిగేవి, మరి తన కడుపున పుట్టిన ఈ పిల్ల రాస్తున్న ఫైలు చూడు, పంపు, పక్కన ఒక అంకె, మళ్లీ పంపు, పక్కన ఇంకో అంకె, ఉప్పూ కారం లేని పేర్లు, ఇవేం పేర్లమ్మా అంటే, నాన్నా, పంపుల్ని నడిపే ఈ కంప్యూటర్ పెట్టె మేలుకోగానే తన ఒంటికి ఏమేం తగిలించి ఉన్నాయో ఈ ఫైలు చదివే తెలుసుకుంటుంది, వస్తువు చేసే పని ఏదో అదే దాని పేరు, అంకె అది తగిలించిన చోటు, కంపెనీ, మోడలు కింది వరసలో ఉంటాయి, రేపు కంపెనీ మారినా పేరు మారదు, అంది తల తిప్పకుండా, తిప్పదు, వాళ్లమ్మ పోలిక, పనిలో ఉండగా పక్కన పిడుగు పడితే కాస్త అటు జరగమంటుంది.

నువ్వు పనిచేసిన స్టేషన్‌కే వెళ్తోంది ఈ పెట్టె, వచ్చి చూడు నాన్నా అని తనే పిలిచింది, తీరా వస్తే బల్ల మీద రెండు ప్లాస్టిక్ తొట్లు, ఒక్కోదాంట్లో పిడికిలంత పంపు, ఎదురుగా కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని కూతురి పైఅధికారి, ఆయనకి అద్దాలాయన అని పేరు పెట్టి ఇంకా పావుగంట కాలేదు, నా ఫైలే పంపించమ్మా, ఒకటి, రెండు అని పెట్టాను, తిరుగుతున్నాయి కదా, నాలుగింటికి పెట్టె అప్పగించకపోతే ఈ పని నీ చేతిలోంచి తీసి ఇంకొకరికి ఇవ్వాల్సొస్తుంది, అంటున్నాడాయన, రెండేళ్ల పని అది, అయినా పిల్ల, మీ ఫైల్లో చోటు రాయలేదు, రెండు పంపుల్లో ముందు లేచినదే ఒకటి అవుతోంది సార్, చూడండి, అని పెట్టెని ఆపి మళ్లీ లేపి, ఒకటి తిరగమంది, ఎడమ తొట్టిలో నీళ్లు కదిలాయి, ఆరుసార్లు అంతే, ఏడోసారి కుడి తొట్టి గలగలమంది, ఏడింటిలో ఒకసారే కదమ్మా, అని అద్దాలాయన నీళ్లు నమిలాడు, ఆ ఒక్కసారి లోపల ఎవరి చెయ్యి ఉంటుందో సార్, అంది పిల్ల.

చెయ్యి అన్న మాటకి పెద్దాయన కాళ్లు ఊగడం ఆగిపోయింది, బాబూ, పిలిస్తే పంపులు తిరిగేవని మీ ఆఫీసులో అందరికీ కోతలు కోశాను గానీ, అదంతా ఉత్తదే, నాలుగుసార్లు స్విచ్చి నొక్కి రెండు తన్నులు తంతే గానీ ఒక్కటీ కదిలేది కాదు, అని నవ్వాడు, అద్దాలాయనా నవ్వాడు, ఆ నవ్వులోనే ఒక వేసవి పొద్దు, గ్రీజు వాసన, పంపుల గోతిలోకి దిగిన బావమరిది వీపు, గురకమ్మకి అంతకు వారమే కొత్త బేరింగు వేశారు, దాని గురక పోయింది, పక్కది గురక పట్టింది, పేరు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది, గురకమ్మలో చెయ్యి పెట్టాను, పక్కది వెయ్యండర్రా, అని కేకేశాడు బావమరిది, పైన స్విచ్చుల దగ్గర కొత్తవాడు బాబూ, వచ్చి మూడు రోజులు, ఎడమ చెవి వినపడదు, గురక పెట్టేదే గురకమ్మ అనుకున్నాడు, దాని పక్కది వేశాడు, అంటే చెయ్యి ఉన్నదే, రెండు వేళ్లు, అని పెద్దాయన తన వేళ్లే మడిచి చూపించాడు.

అద్దాలాయన కళ్లజోడు కిందికి దించుకుని రెండు తొట్లకేసీ చూశాడు, ఫోను తీసి సోమవారం ఇస్తామండీ, అవును, మాదే ఆలస్యం అన్నాడు, నీ ఫైలే పెట్టమ్మా అని వెళ్లిపోయాడు, పిల్ల మళ్లీ తెర వైపు తిరిగింది, పంపు, చోటు, పంపు, చోటు, ఎంత చప్పగా ఉన్నాయో అంత నిలకడగా ఉన్నాయి, కొత్తవాడు చదివినా, తొందరలో ఉన్నవాడు చదివినా, ముప్ఫై రెండేళ్ల మొనగాడు చదివినా ఒక్కటే అర్థం, ముద్దు పేర్లు పెట్టినవాడికి ముచ్చట తీరింది, ఇదేమో గోతిలో ఉన్నవాణ్ణి తలుచుకుని పెట్టింది, ఎక్కడ నేర్చుకుందీ పిల్ల, తన దగ్గర మాత్రం కాదు, నాన్నా, ఇన్నిసార్లు చెప్పావు, ఆ కొత్తవాడికి తర్వాత ఏమైందో ఎప్పుడూ చెప్పలేదేం, మామయ్యనడిగితే మీ నాన్ననే అడుగు అంటాడు, అని పిల్ల ఈసారి తల తిప్పి అడిగింది, ఎడమ చెవి సంగతి, మూడు రోజుల సంగతి, వాడి ఊరూ పేరూ కూడా అల్లి సిద్ధంగా ఉంచుకున్నాడు పెద్దాయన, నోరు తెరిచాడు, ఆ చప్పటి పేర్ల ముందు కథ ఒక్కటీ నిలబడలేదు, కొత్తవాడంటూ ఎవడూ లేడమ్మా, వాణ్ణి నేనే కల్పించాను, ఆ స్విచ్చి వేసింది నేను.