పొడి మెట్టు

"నలభై అమ్మా. రేపు కూడా గండిలోకి దిగే పని పెట్టుకోకు," అన్నాడు బాబాయ్ ఫోన్లో. "సరే బాబాయ్" అందే గానీ, ఫోను పెట్టేశాక ఆమె దాని వంకే గుర్రుగా చూస్తూ కూర్చుంది. పన్నెండు రోజుల్లో ఇది తొమ్మిదో నలభై.

ఆమె గండి గైడు. నది రెండు కొండల్ని ఒరుసుకుంటూ పారే ఇరుకు దారిలో, నీళ్ళల్లోనే జనాన్ని నడిపించి తీసుకురావడం ఆమె పని. ఆ పని నేర్పింది బాబాయే, అంటే నాన్నకి తమ్ముడు. వయసు మీద పడ్డాక ఆయన గండి పైమొనలో నీటిమట్టం చూసే ఉద్యోగంలో కుదురుకున్నాడు. ఉదయం ఎనిమిదికీ, సాయంత్రం నాలుగుకీ స్కేలు చూసి ఆమెకి ఫోన్ చేస్తాడు. నీళ్ళు నలభై సెంటీమీటర్లకి వస్తే గండి మూసెయ్యాలి. గండి సగం సీజను మూతపడి ఉంటే వచ్చే ఏడాది అనుమతే ఇవ్వమని నది ఆఫీసు వాళ్ళు ముందే చెప్పేశారు. ఇరవై ఏళ్ళ పని అలా తుడిచిపెట్టుకుపోతుందంటే ఎవరికి నిద్ర పడుతుంది?

పోనీ నీళ్ళు నిజంగా ఉన్నాయా అంటే, గండి కింది మొనలో ఆమె గీతలు ఆమెకున్నాయి. ఒకప్పుడు బాబాయీ ఆమే కలిసి పైన స్కేలుకి సరిచూసుకుని రాతి మీద చెక్కినవి. అవి ముప్పై ఒకటి, ముప్పై మూడు అంటుంటే ఈయన నలభై అంటాడు. పైనుంచి నీళ్ళు కిందికి రావడానికి రెండు గంటలు పడుతుంది కాబట్టి కింది గీతల్ని ఆఫీసు లెక్కలోకి తీసుకోదు. బాబాయ్ మాటే వేదం.

ఇంకో సంగతుంది. గండి మూస్తే వచ్చినవాళ్ళు ఊరికే తిరిగిపోరు కదా, కొండ మీది గట్టు దారిన నడుస్తారు. ఆ గట్టు దారి గైడు ఎవరయ్యా అంటే సాక్షాత్తూ బాబాయ్ అల్లుడు, ఆమె చెల్లెలి మొగుడు. మొన్న ఎదురుపడితే "ఏంటి వదినా, నీళ్ళు తగ్గట్లేదటగా" అని పళ్ళికిలించాడు. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

అసలు ఆ గుండ్రటి నలభై దగ్గరే ఆమెకి అనుమానం మొదలైంది. బాబాయ్ ఎప్పుడైనా గుండ్రంగా చెప్పాడా? ముప్పై రెండున్నర అనేవాడు, ముప్పై ఐదుకి అర తక్కువ అనేవాడు. "అర వదిలావంటే మనిషిని వదిలినట్టే" అని చిన్నప్పుడు ఆమె చేత ఒకే కొలత నాలుగుసార్లు చూపించేవాడు. అలాంటి మనిషి ఇప్పుడు ముప్పై, లేదంటే నలభై. మధ్యలో అంకెలే లేనట్టు.

తెల్లారగానే కర్ర పట్టుకుని, మూసి ఉన్న గండిలోకి ఒక్కతే దిగింది. ఎనిమిది లోపల పైమొనకి చేరి, అబద్ధం చెబుతుండగా పట్టుకోవాలని ఆమె పంతం.

నీళ్ళు మోకాళ్ళ దాకా చల్లగా తగిలాయి. మొదటి మలుపు తిరిగేసరికి ఆకాశం చీర అంచంత మిగిలింది. గులకరాళ్ళు అడుగు కింద జారుతుంటే కర్రని ముందు నాటి, తర్వాత కాలేసుకుంటూ నడిచింది. గోడల మీద ప్రతి తడి చారనీ వేలితో తడిమింది. ఈ చార నిన్నటిది, ఇది వానాకాలంది, నలభై ఆనవాలు ఎక్కడా లేదు. రెండు చేతులూ చాపితే రెండు కొండలూ తగిలే చోటికి వచ్చింది. పైన స్కేలు మీద నలభై ఉంటే, ఆ ఇరుకులో నీళ్ళు పొంగి రొమ్ముల దాకా రావాలి. నడుం కూడా తడవలేదు. ఆమె ఆగి గట్టిగా నవ్వింది. ఆ నవ్వు గోడలకి కొట్టుకుని తిరిగొస్తే తనకే బాగనిపించలేదు. ఇన్నాళ్ళూ నా చెవిలో పువ్వులు పెట్టావన్నమాట బాబాయ్, అనుకుంటూ నడిచింది.

ఎనిమిదికి పది నిముషాలుండగా పైమొన వచ్చింది. బాబాయ్ గది గట్టు మీద ఉంది. అక్కడినుంచి నీళ్ళల్లోకి మెట్లు, మెట్ల పక్కన అంకెలేసిన స్కేలు. కొలత కోసం కట్టిన మెట్లవి, ఒక్కోటి పది సెంటీమీటర్ల ఎత్తు. ఆమె మెట్ల పక్కన ఇసుకలో చేతులు కట్టుకుని నిలబడింది. దాక్కోవడం దేనికి, చూస్తే చూడనీ అనుకుంది.

బాబాయ్ చెప్పులు పైన విప్పి, కమ్మీ పట్టుకుని దిగాడు. సగం మెట్ల దగ్గర తలెత్తి సూటిగా ఆమె మొహంలోకి చూశాడు. పలకరించలేదు. మళ్ళీ దిగడం మొదలెట్టాడు. ఎంత పొగరు, అనుకుందామె. ఆయన పెదాలు కదులుతున్నాయి. స్కేలు వైపు తలైనా తిప్పలేదు. కింది మెట్టు మీద పాదం ఆనించాడు, నీళ్ళు తగలగానే వెనక్కి తీశాడు. పై మెట్టుని అరికాలితో రుద్ది చూసుకుని, జేబులోంచి ఫోను తీసి బొటనవేలితో తడిమి నొక్కాడు.

ఆమె నడుముకున్న సంచిలో ఫోను మోగింది.

"ఎవరక్కడ?" అన్నాడు బాబాయ్, ఆమె లేని వైపు తిరిగి.

ఆమె ఒంట్లోంచి కోపమంతా ఒక్కసారిగా దిగిపోయి, దాని చోట భయం వచ్చి కూర్చుంది. "నేనే బాబాయ్," అంది ఎలాగో.

"అయితే చూసేశావన్నమాట," అన్నాడు బాబాయ్, మెట్టు మీద చతికిలబడి. "ముందు అంకెలు పోయాయమ్మా. తర్వాత గీతలు పోయాయి. మెట్లెక్కడికి పోతాయి? పొడిగా ఉన్న ఆఖరి మెట్టు ఏదో అదే చెప్తున్నా."

"ముప్పై ఒకటి ఉన్నా నలభై అంటావా?"

"ముప్పై ఒకటో ముప్పై తొమ్మిదో పాదానికేం తెలుస్తుంది? పెంచి చెప్తే నీకు ఒక పూట పని పోతుంది. తగ్గించి చెప్తే నువ్వే పోతావు."

"ఆ మాట నాతో అనొచ్చుగా."

"అంటే నువ్వు ఊరుకుంటావా? ఆస్పత్రి అంటావు, ఆఫీసు అంటావు. మీ చెల్లి తీసుకుపోయి ఓ మూల కూర్చోబెడుతుంది. ఈ నీళ్ళ చప్పుడు వినకుండా నేనెక్కడుండగలను?" అని లేచాడు. "వచ్చినదానివి ఎలాగూ వచ్చావు, ఓ సాయం చెయ్యి. మూడు రోజులైంది ఆఫీసు నుంచి ఏదో కవరొచ్చి. పోస్టుమాన్ని చదవమంటే సంగతి బయటపడుతుందని అలాగే ఉంచేశాను."

గదిలో కవరు రేడియో కింద ఉంది. పైన నది ఆఫీసు ముద్ర. చింపి చూస్తే లోపల ఒక పైకాగితం, దాని కింద తన చేతిరాతే. ఐదో నలభై రోజున కోపం పట్టలేక ఆమె ఆఫీసుకి రాసిన ఫిర్యాదు అది. విచారణకి ఎవరో వస్తారనుకుంది గానీ, సంజాయిషీ అడుగుతూ నకలు ఈయనకే పంపుతారని కల్లో కూడా అనుకోలేదు.

జీతం కాగితమని చెప్పి జేబులో పెట్టుకోవచ్చు. ఎదురుగా కూర్చున్న మనిషికి కనబడదు. కానీ వారంలోగా జవాబు ఇవ్వకపోతే ఉద్యోగం నుంచి తీసేస్తామని పైకాగితంలో ఉంది. ఆమె గొంతు సవరించుకుని చదివింది.

"మూడో తేదీన కింది గీత ప్రకారం ముప్పై ఒకటిన్నర, వీరు చెప్పింది నలభై. నాలుగో తేదీన ముప్పై మూడున్నర, వీరు చెప్పింది నలభై. తన అల్లుడి లాభం కోసం ఈయన అబద్ధపు కొలతలు..." ఒక్క మాటా మార్చలేదు. మార్చబుద్ధి ఎంత పుట్టినా మార్చలేదు. సంతకం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

బాబాయ్ కాసేపు తన పాదాల తడి తుడుచుకున్నాడు. "పేరు చదవక్కర్లేదులే," అన్నాడు. "అర కూడా వదలకుండా రాసే మనిషిని నేను ఒక్కరినే తయారుచేశాను."

"బాబాయ్..."

"ఎనిమిది దాటింది. వెళ్ళి స్కేలు చూసిరా. ఉన్నదున్నట్టు చెప్పు, ఇవాళ్టికి అదే రాద్దాం. ఆఫీసుకి కూడా ఉన్నదున్నట్టే రాద్దాం."

ఆమె మెట్లు దిగి స్కేలు ముందు కూర్చుంది. ముప్పై రెండున్నర. రెండోసారి కళ్ళు తుడుచుకుని చూస్తేనే తెలిసింది. మొదటిసారి ఆ గీతలు ఆమెకీ కనబడలేదు.