మూడో బకెట్టు

శుక్రవారం మధ్యాహ్నం రెండయింది. సూర్యుడు దిగేలోగా ఇస్త్రీ షాపు అత్తగారిని మట్టిలో పెట్టాలి. దిగితే విశ్రాంతి దినం మొదలవుతుంది, ఇక మర్నాడు చీకటి పడేదాకా ఎవరూ పార పట్టరు. అయినా యూదుల ప్రార్థనామందిరం వెనక గదిలో పని మొదలు కాలేదు. ఆవిడ కోడలు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది మరి.

"మా అత్తకి స్నానం నేనూ పోస్తాను," అంది, పొద్దుటి నుంచి నాలుగోసారి.

"మావాళ్ళని మావాళ్ళే కడగాలి. నువ్వు అన్యురాలివి," అంది పెద్దావిడ, తనూ నాలుగోసారే.

చనిపోయిన ఆడవాళ్ళకు స్నానం చేయించే బృందానికి ఆవిడ పెద్ద. మనిషి చెడ్డదేం కాదు. కాకపోతే ఆవిడ గీత గీసిందంటే చీమ కూడా దాటకూడదు. బృందం అంటే ఎంతమందో అనుకునేరు, ముగ్గురే. పెద్దావిడ, ఆస్పత్రిలో పనిచేసే నర్సు, మూడో మనిషి అత్తగారు. ఆ మూడో మనిషే ఇప్పుడు తెల్లటి దుప్పటి కింద బల్ల మీద ఉంది.

కోడలు ఈ ఇంటికి వచ్చి ఇరవై రెండేళ్ళు. మతం పుచ్చుకోలేదు. మొగుడు బతికుండగా పుచ్చుకోమని ఎవరూ అడగలేదు, పోయాక ఎవరికీ ఆ సంగతే గుర్తు రాలేదు. అత్తాకోడళ్ళిద్దరూ షాపు నడుపుకుంటూ బతికారు. గుర్తు రానివాళ్ళంతా ఇవాళ ఒక్కసారిగా గుర్తు చేసుకోవడం చూస్తే కోడలికి ఒళ్ళు మండిపోతోంది.

"ఈ గీత ఎప్పుడు మొదలైంది, పెద్దమ్మా?"

"అబ్రాహాముతో. దేవుడు ఆయన్ని పుట్టిన ఊరూ, అయినవాళ్ళనీ వదిలి రమ్మని పిలిచాడు. ఆ రోజు నుంచి మేము వేరు, మిగతా లోకం వేరు."

"ఆ ముందు రోజు ఆయనెవరు?"

పెద్దావిడ చేతిలో తువ్వాలు మడత పెట్టసాగింది.

"చెప్పరేం? వాళ్ళ నాన్న కొలిచింది వేరే దేవుళ్ళని. మీ ఒంటి గుర్తు, ఆ సున్తీ, ఆయన చేయించుకున్నది తొంభై తొమ్మిదో ఏట. అప్పటిదాకా ఆయనా నాలాంటివాడే. ఇస్త్రీ చేస్తూ చేస్తూ మా అత్తే చెప్పింది ఇదంతా. నాకింకా నలభై ఏడే. ఏం తొందర?"

నర్సు నవ్వు ఆపుకోలేక దగ్గింది. పెద్దావిడ ఆమెను చూపుతోనే కూర్చోబెట్టింది.

"ఆయన్ని దేవుడు పిలిచాడు. నిన్నెవరు పిలిచారు?"

ఆ మాట సూటిగా తగిలింది. కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఏడుపువి కావు, కోపానివి.

"మా ఆయన పోయిన నెలకి పెట్టె సర్దుకుని పుట్టింటికి బయల్దేరాను. మా అత్త చెప్పులైనా లేకుండా బస్సు దాకా పరిగెత్తుకొచ్చి, పెట్టె లాక్కుని, 'పద ఇంటికి' అంది. అదే బస్సులో మీరూ ఉన్నారు. అబ్రాహామును పిలిచిన గొంతు ఇంకెవరూ వినలేదు. నన్ను పిలిచిన గొంతు మీరు చెవులారా విన్నారు. వినలేదని చెప్పండి, ఇప్పుడే పోతాను."

పెద్దావిడకు అబద్ధమాడే అలవాటు లేదు. గడియారం వంక చూసింది. "నీళ్ళు నింపి పెట్టు. అంతే. దగ్గరికి రాకు," అంది.

ఆ గదిలో అనవసరంగా మాట్లాడకూడదు. పెద్దావిడా నర్సూ నిదానంగా, దుప్పటి తొలగకుండా, ఒళ్ళంతా తుడిచి శుభ్రం చేశారు. ఆ తర్వాత మూడు బకెట్ల నీళ్ళు ఒకదాని వెంట ఒకటి పొయ్యాలి. ఒకటి అయిపోకముందే రెండోది అందుకోవాలి. ధార తెగిందా, మళ్ళీ మొదటి నుంచీ పోసుకుంటూ రావలసిందే. నర్సు తన బకెట్టు కాగానే మూడోది అందుకోవాలన్నది ఏర్పాటు. కోడలు ఆ మూడోదాన్ని తన కాళ్ళ దగ్గర పెట్టుకుంది. పొరపాటున కాదు, కావాలనే.

నర్సు పోసింది. పెద్దావిడ అందుకుంది. నర్సు వెనక్కి తిరిగేసరికి కోడలు బకెట్టు ఎత్తుకుని బల్ల దగ్గర ఉంది. పెద్దావిడ ధార సన్నబడుతోంది. ఆపాలంటే నోరు తెరవాలి, లేదా చెయ్యి తియ్యాలి. తీస్తే ధార తెగుతుంది. ఆవిడ కళ్ళతో నిప్పులు కురిపించింది గానీ చెయ్యి మాత్రం తియ్యలేదు. కోడలు అత్త తల నుంచి పాదాల దాకా ఆఖరి చుక్క వరకు పోసింది.

ఇప్పుడు "ఈమె పవిత్రురాలు" అని మూడుసార్లు అనాలి. పెద్దావిడ పెదవులు బిగించింది. నర్సు నేల చూపులు చూసింది.

"ఈమె పవిత్రురాలు," అంది కోడలు, గది మారుమోగేలా.

"ఆ మాట మేం అనాలి," అంది పెద్దావిడ పళ్ళ బిగువున.

"అయితే అనండి."

అనకపోతే నలభై ఏళ్ళ నాటి స్నేహితురాలు ఆ మాట లేకుండానే మట్టిలోకి వెళ్ళాలి. పెద్దావిడ బల్ల వైపు తిరిగింది. మూడుసార్లూ అంది. నర్సూ కలిసింది.

తడి బల్ల మీంచి పొడి బల్ల మీదికి మార్చాలి. అత్తగారు భారీ మనిషి, ఇద్దరివల్ల కాలేదు.

"ఇటు రా," అంది పెద్దావిడ, మొహం చూడకుండా. "పాదాల దగ్గర పట్టుకో."

"పాదాలు మీరు పట్టుకోండి," అంది కోడలు. "మా అత్త తల నేను పట్టుకుంటాను."

పెద్దావిడ పాదాల వైపు నడిచింది.