తోటికోడలి ఫార్మాటు

చిన్నకోడలి ఫోను మోగినప్పుడల్లా పెద్దకోడలి కడుపులో కుంపటి రాజుకునేది. ఇద్దరూ ఉద్యోగాల వేటలోనే ఉన్నారు. చిన్నది నిన్నగాక మొన్న డిగ్రీ పుచ్చుకుంది, అప్పుడే ఇంటర్వ్యూలకు పిలుపుల మీద పిలుపులు. పెద్దది పుట్టింట్లో మొట్టమొదట డిగ్రీ చదివిన మనిషి. రక్తపరీక్షల ల్యాబులో ఎనిమిదేళ్ళు చేసి, అత్తగారు మంచాన పడితే మానేసింది. అత్తగారు లేచి తిరగడం మొదలెట్టాక మళ్ళీ వేట మొదలుపెట్టినా, ఈమెకు మాత్రం ఒక్క పిలుపూ లేదు.

"అంతా రెజ్యూమే మహిమ అక్కా," అనేది చిన్నది, గోళ్ళకు రంగేసుకుంటూ.

దాని రెజ్యూమేకీ రంగులే. పక్కన నీలం పట్టీ, ఏ పని ఎంత వచ్చో చూపే చుక్కలు, పైన నవ్వుతున్న ఫోటో. పెద్దదానిదేమో తెల్లకాగితం మీద తేదీల వరస. అందులో మానేసిన నాలుగేళ్ళు ఊడిన పంటి సందులా కనిపించేవి.

ఇంట్లో ల్యాప్‌టాప్ ఒక్కటే. చిన్నది స్నానానికి వెళ్ళగానే పెద్దది ఆ ఫైలు తెరిచి పేరు మార్చింది, ఫోటో మార్చింది, చుక్కలన్నీ నింపుకుంది. చదువు పైకెక్కింది, ఎనిమిదేళ్ళ ల్యాబు రెండో పేజీ అడుక్కి జారింది. పోతే పోయింది, ఆ సందూ కనపడదుగా అనుకుని, తను ఆశలన్నీ పెట్టుకున్న పిల్లల ఆసుపత్రి ల్యాబుకి పంపేసింది.

రెండ్రోజులకు ఫోను మోగింది. మళ్ళీ చిన్నదానికే.

"ల్యాబు ఉద్యోగమా? నేను కాదండీ..." చిన్నది ఆగి, వంటింటివైపు చూసింది. "ఉన్నారు, ఇస్తాను."

నంబరు మార్చడం మరిచిపోయింది! పెద్దకోడలు తేలు కుట్టిన దొంగలా ఫోను అందుకుంది.

"ఎనిమిదేళ్ళ అనుభవం తీసుకెళ్ళి చివర్లో దాస్తే ఎలాగమ్మా?" అవతలి గొంతు విసుక్కుంది. "ఇప్పుడే చదువయిన పిల్ల అనుకుని పక్కన పడేయబోయాం. పసివాళ్ళకు నరం దొరకబుచ్చుకోగలరా?"

"ఒక్క పోటుకే అండీ."

"అయితే రేపు రండి. ఎక్కడ ఎప్పుడు చేశారో వరసగా రాసి తెచ్చుకోండి. మానేసిన ఏళ్ళూ రాయండి, తప్పేముంది?"

ఫోను తిరిగిస్తుంటే చిన్నది నవ్వలేదు.

"పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందంటారు. మనింట్లో పులే నక్కను చూసి పెట్టుకుంది! చేసిన ఉద్యోగం లేక నేను రంగులేసి కప్పుకున్నాను. నీకేం ఖర్మక్కా? నీ ఎనిమిదేళ్ళను చూసి ఎంత కుళ్ళుకున్నానో తెలుసా?"

"నన్ను చూసా? నీకన్ని పిలుపులొస్తుంటే?"

"వస్తాయి. వెళ్ళాక అనుభవం లేదా అని అడిగి పంపేస్తారు."

పెద్దది పైకి "అయ్యో" అంది. లోపల మాత్రం, సిగ్గుచేటే గానీ, కుంపటి చల్లగా ఆరింది.

సాయంత్రం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తేదీల వరస మళ్ళీ రాశారు. పెద్దది చెబుతుంటే చిన్నది టైపు చేసింది. ఎనిమిదేళ్ళ దగ్గరికొచ్చేసరికి దాని వేళ్ళు ఆగాయి. తెర మీద నిలిచిపోయిన ఆ చూపు పెద్దకోడలికి కొత్త కాదు. ఇన్నాళ్ళూ అద్దంలో చూసుకున్నదే.