ఆ ఆదివారం కోచ్ ఎవరు?

నేను ఇంతవరకు ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా చూడలేదు. చూసే ఉద్దేశమూ లేదు. అయినా మన దేశం జట్టుకి ఏ విదేశీయుణ్ణి కోచ్‌గా పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు పీకేశారు అని నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నేనే కాదు, హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఏ పిల్లనడిగినా చెప్తుంది. మాకది ఆట కాదు, బిట్టు. ఉద్యోగ పరీక్షలో ఒక మార్కు తెచ్చిపెట్టే ప్రశ్నను మేం బిట్టు అంటాం. ఆ ఒక్క మార్కు కోసం మేం ఎంతకు తెగించామో చెప్తాను, విని నవ్వుకోండి. నాకు మాత్రం నవ్వు రావడం లేదు.

నా పేరు స్నేహలత. మాది దోమకొండ దగ్గర పల్లె. ఏడేళ్ళుగా అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్ రెండో అంతస్తులో ఉంటున్నాను. గదిలో నాతోపాటు నవనీత ఉంటుంది. ఇద్దరికీ కలిపి ఒక రైస్ కుక్కర్, ఒక కిటికీ, గోడకి ఒక భారతదేశ పటం. ఊళ్ళో ఎవరైనా అడిగితే మా అమ్మ భూదేవి "బిడ్డ హైదరాబాద్ల పరీక్ష రాస్తుంది" అని చెప్తుంది. "ఏడేండ్ల సంది రాస్తనే ఉన్నదా? ఎంత పొడుగు పరీక్షనే అది!" అంటారట వాళ్ళు. ఈసారి కొలువు రాకపోతే మూటాముల్లె సర్దుకుని ఊరికొచ్చేస్తానని అమ్మకి మాటిచ్చాను.

పరీక్షకు రెండు నెలల ముందు నుంచీ జట్టుకి కోచ్ లేడు. పాతాయన వెళ్ళిపోయాడు, కొత్తగా ముగ్గురు విదేశీయుల పేర్లు పేపర్లలో నలుగుతున్నాయి. మా పరీక్ష ఆదివారం. సరిగ్గా ముందు శుక్రవారం సాయంత్రం, చెక్ దేశస్థుడు లూడెక్ పావ్లాటని కోచ్‌గా ఎంపిక చేశామని ఫుట్‌బాల్ సంఘం వాళ్ళు ప్రకటించారు. శనివారం సాయంత్రం, కరెంట్ అఫైర్స్ చెప్పే ప్రహ్లాద్ సార్ నాలుగు వందల మందిని కూర్చోబెట్టి ఆఖరి క్లాసు తీసుకున్నారు.

"రాసుకోండ్రి. పావలాకు చెక్కు రాసినోడు ఎవడు? చెక్ దేశపోడు పావ్లాట! ఇగ సచ్చేదాంక మర్వరు. రేపు ఈ బిట్టు రాకుంటే నా పేరు ప్రహ్లాదే కాదు."

వచ్చింది. ఎనభై మూడో ప్రశ్న. భారత ఫుట్‌బాల్ జట్టు ప్రస్తుత కోచ్ ఎవరు? ఎ, బి, సి కింద ఆ ముగ్గురి పేర్లు, డి కింద 'పై వారెవరూ కారు'. పావ్లాట పేరు బి. నేను బి పెట్టి, సార్‌కి మనసులోనే దండం పెట్టుకున్నాను. నవనీత శనివారం తలనొప్పి అని క్లాసుకి రాలేదు. కోచ్ పోస్టు ఖాళీ అని పాత నోట్సులో చదివిందే దానికి దిక్కు. డి పెట్టింది.

వారానికి ప్రాథమిక కీ వచ్చింది. జవాబు డి! పావ్లాట మంగళవారం గాని కాగితం మీద సంతకం పెట్టలేదట, ఆదివారం నాటికి కోచ్ ఎవరూ లేనట్టేనట. లెక్క చూసుకుంటే నాకు తొంభై ఏడు, నవనీతకి తొంభై ఎనిమిది. కటాఫ్ తొంభై ఎనిమిది దగ్గర ఆగుతుందని ప్రహ్లాద్ సార్ తేల్చేశారు. ఆయన బిట్టు తప్పొచ్చు గాని కటాఫ్ ఎన్నడూ తప్పలేదు. నవనీత వాళ్ళ నాన్న హనుమప్ప ఆ రోజే ఊరంతా చాటింపు వేసుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. క్లాసుకి పోయి మొదటి బెంచీలో కూర్చున్నదాన్ని నేను, ముసుగుతన్ని పడుకున్నది అది. దానికి కొలువు, నాకు ఊరి బస్సు!

రెండు రోజుల్లో అశోక్‌నగర్ రెండు ముక్కలైంది, బి వాళ్ళు, డి వాళ్ళు అని. మెస్సులో బల్లలు వేరయ్యాయి. చిక్కడపల్లి లైబ్రరీ ఆవరణలో చదువుకునేవాళ్ళలో బి వాళ్ళు గేటు వైపు, డి వాళ్ళు గోడ వైపు సర్దుకున్నారు. మా గదిలో ముందు నేను వండుకునేదాన్ని, తర్వాత అది కుక్కర్ కడుక్కుని వండుకునేది. ఉప్పు అయిపోతే చప్పిడి తిన్నాం గాని ఒకరినొకరు అడగలేదు.

కీ మీద అభ్యంతరాలు చెప్పుకోవడానికి వారం గడువిచ్చారు. గడువు ముగిసే ముందు రోజు నేను ప్రహ్లాద్ సార్ దగ్గరికి పోయాను.

"పేపర్ కటింగులు పెడితే పక్కకు పడేస్తరు బిడ్డా," అన్నారాయన. "ఆ మనిషి చేత్తోని రాసిచ్చిన కాయితం కావాలె. దాని మీద గెజిటెడ్ ఆఫీసర్ సంతకం కావాలె."

"ఆయనది చెక్ దేశం సార్!"

"ఇప్పుడు గచ్చిబౌలిల ఉన్నడు. జట్టు క్యాంపు అక్కడ్నే నడుస్తున్నది. పేపర్ చదువుతలేవా?"

ఆ పూటే ఆయనకి ఇంగ్లీషులో మెయిల్ పెట్టాను. ఏడేళ్ళుగా దరఖాస్తులు రాసిన చెయ్యి కదా, 'గౌరవనీయులైన అయ్యా, పై విషయమునకు సంబంధించి' అనే మొదలుపెట్టింది. తమరు ఏ తేదీ నుంచి కోచ్‌గా ఉన్నారో దయచేసి తెలుపగలరు అని ముగించాను. అరగంటలో జవాబు వచ్చింది. 'నేను ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచి ఎప్పుడు గెలుస్తావని అడిగినవాళ్ళే గాని, ఎప్పుడొచ్చావని అడిగినవాళ్ళు లేరు. రేపు ప్రాక్టీసు లేదు, నేనే వస్తాను.' నన్ను వీరాభిమాని అనుకున్నాడు పాపం. లైబ్రరీ అడ్రస్ పంపి, సాయానికి ప్రహ్లాద్ సార్‌నీ రమ్మన్నాను.

మర్నాడు పదకొండు గంటలకి లైబ్రరీ ముందు ఒక ఆటో ఆగింది. అందులోంచి ముందు రెండు పొడుగు కాళ్ళు దిగాయి, తర్వాత తెల్ల జుట్టు. ఎవడో అరిచాడు, "ఎనభై మూడో బిట్టు వచ్చింది రో!" అంతే, గేటు వైపు వాళ్ళు, గోడ వైపు వాళ్ళు పుస్తకాలు వదిలేసి ఉరికొచ్చారు. ఆయన పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, ఆడించిన జట్లు నోటికి చెప్తూ చుట్టూ మూగారు.

ఆటో తోలుకొచ్చిన పెద్దులు నోరెళ్ళబెట్టాడు. "ఈ సారును నారాయణగూడ కాడ ఎక్కించుకున్న. అడ్రస్ కోసం పది మందిని అడిగినం, ఒక్కడు గుర్తువట్టలే. ఈడ జూస్తే పుట్టినరోజు సుద్ద చెప్తున్నరు!"

పావ్లాట మొహం వెలిగిపోయింది. ఇంగ్లీషులో ఆయన అడగడం, ప్రహ్లాద్ సార్ తెలుగులో చెప్పడం.

"మా జట్టు ఆట ఎంతమంది చూసిన్రని అడుగుతుండు."

ఒక్క చెయ్యి లేవలేదు. ఆయన తల గోక్కుని, గోల్ వెడల్పు ఎంతో తెలుసా అన్నాడు. "ఏడు పాయింట్ మూడు రెండు మీటర్లు!" అని మూడు వందల గొంతులు. ఎత్తు? "రెండు పాయింట్ నాలుగు నాలుగు!" బంతి చుట్టుకొలత? అదీ చెప్పేశారు. అయితే ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో చెప్పమన్నాడు.

"అది సిలబస్ల లేదు," అన్నారు ప్రహ్లాద్ సార్.

అప్పుడు మొదలైంది అసలు విచారణ. డి వాళ్ళ తరఫున నవనీత ముందుకొచ్చింది. గదిలో నాతో మాట్లాడని మనిషి, అక్కడ వకీలులా గొంతెత్తింది.

"సార్, ఆ ఆదివారం పొద్దున మీరు ఏం చేస్తున్నరు?"

"మా ఊరి చెరువులో చేపలు పడుతున్నాను," అన్నాడాయన.

డి వాళ్ళు ఈలలు వేశారు. చేపలు పట్టుకునేవాడు కోచ్ ఎట్లయితడు అని గోల. నేను వదల్లేదు.

"చేపలు పట్టుకుంట ఏం ఆలోచిస్తున్నరు సార్?"

ఆయన గాలం వేసినట్టు చెయ్యి ముందుకు చాపాడు. "మీ జట్టులో ఎడమ పక్క కాపు కాసేవాడు సరిగా లేడు, వాణ్ణి మార్చాలి అని."

బి వాళ్ళు ఎగిరి గంతేశారు. మనసులో కోచ్ అయినంక కోచే గద! నేను కాగితం, పెన్ను చేతిలో పెట్టాను. ఆయన శ్రద్ధగా రాశాడు, 'శుక్రవారం నుంచి నా మనసులో నేనే కోచ్‌ని.' సంతకం పెట్టాడు. నేను ఇంకా చదువుకుంటుండగానే నవనీత ఇంకో కాగితం పెట్టింది. దాని మీదా రాశాడు, 'కాగితం మీద మాత్రం నేను మంగళవారం నుంచే కోచ్‌ని.'

"సార్, గట్ల రాస్తే నాది చెల్లది!" అని అరిచాను.

"రెండూ నిజమే కదా. మా ఆటలో డ్రా కూడా ఒక ఫలితమే."

"మా ఆటల డ్రా ఉండది సార్. కటాఫ్ ఉంటది."

ప్రహ్లాద్ సార్ తెలుగులోంచి ఇంగ్లీషులోకి ఎంత తిప్పినా కటాఫ్ అంటే ఏమిటో ఆయనకి అర్థం కాలేదు. ఇద్దరు అమ్మాయిలు కొట్లాడుకోవడం మాత్రం అర్థమైంది. అందుకని ఇద్దర్నీ గెలిపించాననుకుని నవ్వాడు.

ఇంక గెజిటెడ్ సంతకం. అశోక్‌నగర్ వాళ్ళకి ఆ అవసరం పడితే నడిచేది నారాయణగూడ పశువుల దవాఖానకే. అక్కడ గెజిటెడ్ ఆఫీసరైన డాక్టర్ సంయుక్త గారు మా అందరికీ దేవత. పెద్దులు ఆటోలో నేనో పక్క, నవనీత ఇంకో పక్క, మధ్యలో జాతీయ జట్టు కోచ్. మాటా మంతీ లేకుండా పోయాం. వరసలో మా ముందు కాలు విరిగిన మేక ఉంది, వెనక ఒక కుక్క ఉంది. ఆయన మేక కాలు నొక్కి చూసి, మూడు వారాలు ఆడించొద్దని దాని యజమానికి సైగలతో చెప్పాడు.

డాక్టరమ్మ కళ్ళద్దాల్లోంచి చూసింది. "ఈయన కోచ్ అని నాకెట్ల ఎరుక? ఐడీ కార్డు ఉన్నదా?"

లేదు. సంఘం వాళ్ళు ఇంకా ఇవ్వలేదట. పాస్‌పోర్టులో పేరుంది గాని కొలువు లేదు. గడువు సాయంత్రం ఐదింటికి అయిపోతుంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. సంచీలోంచి ప్రశ్నపత్రం తీసి ఎనభై మూడో ప్రశ్న చూపించాను. ఆమె రెండుసార్లు చదివింది.

"సర్కారు పరీక్షలనే పేరు అచ్చయ్యిందంటే ఇంకేం కావాలె," అని రెండు కాగితాల మీదా పచ్చ ఇంకుతో సంతకం చేసింది. ఆయన కోచో కాదో తేల్చమని మేం కొట్లాడుతున్నదే ఆ ప్రశ్నమీద. ఆ ప్రశ్నే ఆయనకి సాక్ష్యమైంది. ఐదింటి లోపు ఎవరి కాగితం వాళ్ళం పంపేశాం.

నలభై రోజులకి తుది కీ వచ్చింది. ఎనభై మూడో ప్రశ్నకు ఒకే వ్యక్తి సంతకంతో పరస్పర విరుద్ధమైన ఆధారాలు అందినందున ప్రశ్నను తొలగించి, అందరికీ ఒక మార్కు కలుపుతున్నామని రాశారు. నాకు తొంభై ఎనిమిది! మెట్ల మీద గంతులేస్తూ దిగి, పై మెట్టు మీద నిలబడ్డ నవనీత వినేలా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. దానికి ముందే ఆ మార్కు ఉంది కాబట్టి అది తొంభై ఎనిమిది దగ్గరే ఉండిపోయింది. అందరికీ ఒకటి కలిపితే కటాఫ్ ఊరుకుంటుందా? అదీ లేచి కూర్చుంది. జాబితా తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయింది.

నాకు రాలేదు. అది నాకు కొత్త కాదు. నవనీతకీ రాలేదు. నోటి దగ్గరికొచ్చిన కూడు పోయింది. తీసింది నేనే, నా చేత్తోనే. ఆ రాత్రి హనుమప్ప ఫోన్ చేస్తే అది ఎత్తలేదు. దిండు కింద ఫోన్ మోగుతూనే ఉంది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"తిట్టవే జర," అన్నాను.

"తిడితే మార్కు వస్తదా," అని గోడ వైపు తిరిగింది.

మరుసటి వారం బట్టలు సర్దుకుంటున్నాను. అమ్మకిచ్చిన మాట మాటే. నవనీత కుక్కర్ కడుగుతోంది. అప్పుడు నా ఫోన్‌కి మెయిల్ వచ్చింది. పావ్లాట.

'స్నేహలతా, మొన్న ఆదివారం మేం గెలిచాం. నేను వచ్చాక అదొక్కటే గెలుపు. మంగళవారం నా చేతికి తొలగింపు కాగితం ఇచ్చారు. కాని నన్ను తీసెయ్యాలని శుక్రవారమే మనసులో అనుకున్నారట. అందుకని ఆ గెలుపు నాది కాదంటున్నారు. ఆదివారం నేనే కోచ్‌నని మీరు ఒక కాగితం రాసివ్వగలరా? మేక దగ్గర డాక్టరు పచ్చ సంతకం కూడా కావాలి.'

పైకి చదివాను. నవనీత చేతిలో పీచు ఆగింది.

"మనసుల అనుకుంటే అయిపోతదా?" అంది కోపంగా. "కాయితం మంగళారం ఇచ్చిన్రు గద. ఆదివారం కోచ్ ఆయనే."

అని, టక్కున నా కేసి తిరిగింది. ఇది మళ్ళీ ఎనభై మూడో బిట్టే. నేను పోయి కుళాయి కట్టేశాను.

"నువ్వు రాయవే," అన్నాను. "నీకే మంచిగ వస్తది."

"లేదు. నువ్వే రాయాలె."

పెట్టె మీద కాగితం పెట్టుకుని కూర్చున్నాను. ఏడేళ్ళలో ఎన్నో దరఖాస్తులు రాశాను గాని ఇంత బరువైనది రాయలేదు. 'మనసులో అనుకున్న తేదీ లెక్కలోకి రాదు. కాగితం మీద ఉన్న తేదీయే లెక్క.' సంతకం పెట్టేసరికి కన్నీళ్ళు పడి అక్షరాలు అలుక్కుపోయాయి. చీర కొంగుతో అద్దాను.

"గట్లయితే డి యేనే," అన్నాను. "ఆ మార్కు నీదే."

"ఎరుకే." తడి చేతులు తుడుచుకుని వచ్చి, నిలబడే మొత్తం చదివింది. రెండోసారి కూడా చదివింది. "డాక్టరమ్మ సంతకం అయినంక నాకొక జిరాక్సు తియ్యి. మా నాయనకు చూపియ్యాలె."