పిలువని పేరంటము

శ్రావణమేఘములు గోదావరీతీరనారికేళవనములను నీలిమతో ముంచి కురిసి కురిసి వెలిసిన యొక మంగళవారపు సాయంసమయమున సీతారత్నము నోము నోఁచుకొన్న లోగిలి పేరంటాండ్ర పట్టుచీరల గలగలలతోను నానిన సెనగల వాసనతోను నిండియుండెను. అప్పుడు అలివేలమ్మ పిలువని యా పేరంటమునకు వాచిన కుడికాలి నీడ్చుకొనుచు వచ్చి మొదటి పీటపైఁ గూరుచుండెను.

ఆమె సీతారత్నమునకుఁ బెద్ద తోడికోడలు. తొలి వాయనము పెద్ద తోడికోడలి కిచ్చుట యా వంశాచారము. నిరుడు అలివేలమ్మకు స్త్రీమర్మావయవమున రాచపుండు పుట్టఁగాఁ జెన్నపట్టణపు వైద్యులు దానిని గజ్జలలోని బిళ్ళలతోఁ గూడఁ గోసి తీసివేసిరి. ప్రాణము దక్కెను గాని గాయము కుట్లు విడిచి చీముపట్టి నెలల తరబడి మానకుండెను. మానిన పిదప బిళ్ళలు లేని కాలికి నీరు దిగి యది రోలంత యయ్యెను. నోట నువ్వుగింజ నానని సీతారత్నము నిజ మెఱిఁగియుఁ బెద్దఱికము తనకు దక్కవలె నని యది సుఖరోగ మని యూరెల్లఁ జాటెను. నాఁటినుండి అలివేలమ్మను బొట్టుపెట్టి పిలిచిన యిల్లు లేదు. కత్తికోఁత నోర్చిన యా యిల్లా లీ మాట నోర్వలేక కడుపులోఁ గక్ష నుడికించుకొనుచుండెను.

ఆమె కాలికట్టు నిమ్మళముగా విప్పి యందఱి యెదుటఁ గాలు చాఁచి "చెల్లీ, పసుపు పూయుము. పుట్టినచోటు చెప్పుకొన సిగ్గుపడి నోరు మూసికొంటిని. పుట్టినది రాచపుండు. నీ వన్న రోగము కాదు" అనెను.

కాదనినచో నోము చెడును. సీతారత్నము ముఖమునఁ గత్తివేటునకు నెత్తురుచుక్క లేదు. పసుపు పూయఁగా వ్రేళ్ళు దిగినచోట నెల్ల గుంటలు పడి యట్లే నిలిచెను. వానిని జూచి యలివేలమ్మకుఁ గడుపు చల్లబడెను.

"అక్కయ్యా, తప్పైపోయినది, క్షమింపుము" అని సీతారత్నము తల యెత్తక గొణిఁగెను.

"ఆ మాట పదుగురిలో నంటివి. ఈ మాట నా చెవిలో ననుచున్నావు. పదుగురిలో ననుము. అందాఁక ఈ కాలు తీయను."

పేరంటాండ్రు చెవులు కొఱుకుకొనుట మానిరి. సీతారత్నము వారివైపుఁ దిరిగెను.

"అక్కయ్యది సుఖరోగము కాదు. ఎఱిఁగియే యబద్ధ మాడితిని" అని యందఱును వినునట్లు పలికి, కన్నీరు కారుచుండ సెనగలు చేటతో నెత్తి "ఇస్తినమ్మ వాయనము" అనెను.

అలివేలమ్మ కొంగు పట్టి "పుచ్చుకొంటినమ్మ వాయనము" అనెను. క్షమించితి నని మాత్రము అనలేదు.