కోసిన గడ్డి వాసన

నూనె రుచి చూసే గ్లాసుల్ని సబ్బుతో కడగకూడదు. గాజుకి ఆ వాసన పట్టుకుంటే నూనె సంగతి తెలియదు. అందుకే ఒక్కో గ్లాసూ వేడినీళ్ళతో ఆమే కడుగుతుంది. "సెంటు పూసుకోదు, పొద్దున్నే కాఫీ తాగదు, ఇదేం సంసారమో," అని అత్తగారు ఇవాళా మొదలుపెట్టింది. తన కొడుకు పేరు నిలబెట్టడానికే కోడలు నోరు కట్టుకుంటోందని ఆవిడకి ఎవరు చెప్తారు?

ఆలివ్ నూనె మిల్లు భర్తది. ఊరంతా ఆయన ముక్కుని మెచ్చుకుంటుంది. ఆ ముక్కుకి కిరోసినూ కషాయమూ ఒకటేనని ఆమెకి మాత్రమే తెలుసు. కొనేవాళ్ళొస్తే ముందు ఆమె వాసన చూసి, బాగుంటే గ్లాసు మూత పక్కన పెడుతుంది, లేకపోతే మూసేస్తుంది. అది చూసుకుని ఆయన గ్లాసెత్తి, కళ్ళు మూసుకుని తల పంకిస్తాడు. పెళ్ళైన కొత్తలో ఇదేదో మొగుడూ పెళ్ళాల దొంగాట అనుకుని మురిసిపోయింది. ఆమె కెమిస్ట్రీ పట్టా పెట్టెలో పడుంది. ఆయన బోర్డు మీద మాత్రం 'నిపుణుడు' అన్న మాట చేరింది. ఆ బోర్డు దుమ్ము దులిపేదీ ఆమే.

ఈసారి కాయల్ని గోతాల్లో కుక్కి రోజుల తరబడి వదిలేశాడు. ఆలివ్ కాయ నలిగినప్పుడే ఆ పచ్చి వాసనలు పుడతాయి, కోసిన గడ్డిలా, పచ్చి టమాటాలా. కోయగానే ఆడించాలి, మగ్గితే లోపలే పులిసిపోతుందని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. కాయల సంగతి నాకొదిలేసి వంట చూసుకో అన్నాడు. ఇవాళ మాత్రం గొంతు తగ్గించి, మూత పక్కనే పెట్టు, ఏడాది ఆర్డరు ఇది అన్నాడు.

కొనడానికొచ్చిన ఆవిడ ఎదురుగా కూర్చుంది. ఎప్పటిలాగే ముందు తనే గ్లాసుని అరచేతిలో వెచ్చబెట్టి మూత తీసింది. ముక్కిపోయిన గోనెసంచి వాసన గుప్పుమంది. ఇంతకాలం దాచింది తన పేరునే గానీ నిజాన్ని కాదని సర్దిచెప్పుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆ నిజాన్నీ వదిలేస్తే, ఈ ఇంట్లో తనదంటూ ఏం మిగులుతుంది? భయం వేసింది. అయినా మూత పక్కన పెట్టకుండా చేతిలోనే పట్టుకుంది.

"ఇది కొనకండి," అంది. "కాయలు పులిశాయి. వచ్చే కోత నేను దగ్గరుండి ఆడిస్తాను, అది చూసి చెప్పండి."

మా ఆవిడది వంటింటి అనుభవం అని ఆయన నవ్వబోయాడు. వచ్చినావిడ నవ్వలేదు. గ్లాసు తీసుకుని వాసన చూసి, మొహం చిట్లించి, కోత ఎప్పుడని ఆమెనే అడిగింది. ఆమె చెప్పింది.

ఆవిడ కారు కదలగానే ఆయన పళ్ళు కొరికాడు. "పరాయివాళ్ళ ముందు నా పరువు తీశావు."

"ఇన్నాళ్ళూ నిలబెట్టిందీ నేనే," అంది నెమ్మదిగా. "ఇక నుంచి రుచి చెప్పేది నేను. నా నోటితో, నా పేరుతో. కాదంటారా, మీ ముక్కుతోనే కానివ్వండి."