ఎర రొయ్యలు

చెంబుతో బకెట్‌లోని నీళ్లు తీసి, మూరెడు ఎత్తు నుంచి మళ్లీ అందులోకే పోస్తున్నాను. అలా పోస్తే నీళ్లలోకి గాలి చేరి రొయ్యలు తేరుకుంటాయి. చచ్చినవాటిని ఏరి గోడ అవతల పారేశాను. అవి ఉంటే మిగతావీ చస్తాయి.

నా భర్త వసంతకుమార్ బ్రహ్మంసాగర్ జలాశయంలో కొర్రమీనులకు గాలం వేస్తాడు. పోయిన వారం గాలికి పుట్టి పడవ తిరగబడితే, దాన్నే పట్టుకుని సాయంత్రం దాకా నీళ్లలో ఉన్నాడు. ఆ తర్వాత అటువైపు పోలేదు. నిన్న ఏమనుకున్నాడో, కాలువలో చేతివలతో ఈ ఎర రొయ్యలు పట్టుకొచ్చాడు. ఇవి బతికుంటే ఈరోజు పోతాడు. లోపల అటూ ఇటూ పొర్లుతున్నాడు. మంచం కిర్రుమంటూనే ఉంది.

"ఇంగా బతికే ఉండాయా?" మా అత్త విశ్వాసమ్మ గడప దగ్గరికొచ్చి మళ్లీ అడిగింది.

"ఉండాయత్తా. కొళాయి నీళ్లు మాత్రం తగలనీయొద్దు. బ్లీచింగుకు చచ్చిపోతాయి."

"ఆ రొయ్యలకు చేసే సేవ నాకు చేసింటే ఇంగో పదేండ్లు బతుకుతాంటి."

నవ్వుకుని, బకెట్ మీద తడి గోనె కప్పి, కాలువ నీళ్లకు బిందె తీసుకుని వెళ్లాను.

తిరిగొచ్చేసరికి గోనె నేల మీద ఉంది. బకెట్ అంచు దాకా నిండి ఉంది. బ్లీచింగ్ వాసన. రొయ్యలు పక్కకు ఒరిగి తెల్లబడుతున్నాయి.

"ఏందత్తా ఇది?"

అత్త చింతపండు పిసుకుతూ తలెత్తలేదు. "ఈసారి పుట్టి చేతికి దొరక్కపోతే? నువ్వు పోయి తెస్తావా వాణ్ని?"

నేను బిందె కిందికి దించాను.

వసంత్ బయటికొచ్చి బకెట్‌లోకి చూశాడు. అరుస్తాడనుకున్నాను.

"పోనీలే," అన్నాడు, బరువు దించుకున్నవాడిలా. "తిమ్మన్న మంగంపేట గనుల్లో పనికి రమ్మంటాండాడు. ఆడ్నే ఉండల్లంట. క్రిస్మస్‌కు వస్తాలేమ్మా."

"క్రిస్మస్‌కా? అంతదాకా యాడ తింటావు, యాడ పండుకుంటావు?"

"యాడో ఒకచోట. నీళ్లయితే లేవు గదమ్మా ఆడ."

అటక మీది సంచి దింపి దులిపాడు. ఒక చొక్కా పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు.

అత్త చేతులు చింతపండులోనే ఆగిపోయాయి. కొడుకు జిప్పు లాగిన చప్పుడుకు లేచింది. చేతులు కడుక్కుని, బకెట్‌ను గోడ మొదట్లో ఒంపింది. నేను తెచ్చిన కాలువ నీళ్లతో దాన్ని వాసన పోయేదాకా కడిగింది. మేకుకు వేలాడుతున్న చేతివల భుజాన వేసుకుని, ఖాళీ బకెట్ చేత పట్టుకుని గడప దాటి కాలువ వైపు నడిచింది.